కార్మికులు పాతవాళ్లే, ఫలితం కొత్తది: మానవ వనరుల వ్యూహం సంస్థ పనితీరును ఎక్కడ మారుస్తుంది?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ నడిపిన కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో అత్యంత అధ్వానమైన వాటిలో ఒకటిగా దానికి పేరుండేది. ఏ రోజు చూసినా ఐదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. కొన్ని సోమవారాలు కార్లు బిగించే లైను నడపడానికి చాలినంతమంది దొరికేవారు కాదు. తాగి పనిలోకి వచ్చేవాళ్లు ఉండేవారు, పనిలో ఉండగానే తాగేవాళ్లూ ఉండేవారు. యాజమాన్యం మీద కార్మికులు పెట్టిన ఫిర్యాదులు తేలకుండా వేలల్లో పేరుకుపోయాయి.

రెండేళ్లకు అదే ఆవరణలో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి నూమీ పేరుతో ఉమ్మడి కంపెనీ పెట్టాయి. నడిపే బాధ్యత టొయోటా తీసుకుంది. కొత్తగా పనిలోకి తీసుకున్నవాళ్లలో దాదాపు 85 శాతం పాత ఫ్యాక్టరీ కార్మికులే. యూనియన్ కూడా మునుపటి యునైటెడ్ ఆటో వర్కర్సే. 1984 డిసెంబరులో మొదటి కారు లైను దిగింది. 1986కల్లా గైర్హాజరు మూడు నాలుగు శాతానికి పడిపోయింది. ఆ రోజుల్లోనే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు మూడు ఫ్యాక్టరీలను పోల్చి చూశారు. ఒక కారు బిగించడానికి జనరల్ మోటార్స్ వారి ఫ్రేమింగ్‌హామ్ ఫ్యాక్టరీలో 31 పనిగంటలు పడుతుంటే, జపాన్‌లోని టొయోటా టకావోకా ఫ్యాక్టరీలో 16, నూమీలో 19 గంటలు పట్టాయి. ప్రతి వంద కార్లకు బయటపడిన లోపాలు ఫ్రేమింగ్‌హామ్‌లో దాదాపు 130 కాగా, టకావోకాలో 45, నూమీలోనూ సరిగ్గా 45.

కొత్త యంత్రాలు కొన్ని వచ్చిన మాట నిజమే. అయితే అదే దశాబ్దంలో జనరల్ మోటార్స్ తన సొంత ఫ్యాక్టరీల్లో రోబోలకూ ఆటోమేషన్‌కూ వేల కోట్ల డాలర్లు కుమ్మరించింది, అక్కడ ఇలాంటి మార్పు రాలేదు. కాబట్టి ఫ్రీమాంట్‌లో తేడా తెచ్చినదేమిటో వెదకాలంటే యంత్రాలను దాటి చూడాలి. మనుషులను ఎలా ఎంచుకున్నారు, వారికి ఏం నేర్పారు, పనిని ఎలా పంచారు, ఏ మాట ఇచ్చారు, ఆ మాట ఎలా నిలబెట్టుకున్నారు అన్నవి చూడాలి. వీటిని సంస్థ వ్యాపార మార్గంతో కలిపి ఆలోచించడాన్నే వ్యూహాత్మక మానవ వనరుల నిర్వహణ అంటున్నారు.

పాత తరం సిబ్బంది విభాగం చేసే పనులు అందరికీ తెలిసినవే: ఖాళీల భర్తీ, హాజరు పట్టీ, సెలవులు, జీతాలు, పీఎఫ్, క్రమశిక్షణ చర్యలు. ఏ వస్తువు చేయాలి, ఏ మార్కెట్‌లో పోటీ పడాలి అన్న నిర్ణయాలన్నీ వేరే గదిలో జరిగిపోయేవి. ఇంతమంది కావాలి అన్న కబురు మాత్రం చివరికి ఈ విభాగానికి చేరేది. నూమీ మొదలైన 1984లోనే అమెరికాలో రెండు పండిత బృందాలు ఈ వరసను తప్పుపట్టాయి. మిషిగన్ పద్ధతిగా పేరుపడిన ఆలోచనను ఫాంబ్రన్, టిషీ, డెవానా ప్రతిపాదించారు. ఎంపిక, పనితీరు అంచనా, ప్రతిఫలం, శిక్షణ అనే నాలుగూ సంస్థ వ్యూహం నుంచే పుట్టాలని వారి వాదన. హార్వర్డ్‌లో మైకేల్ బీర్ బృందం ఉద్యోగులు, యూనియన్లు, ప్రభుత్వం, చుట్టూ ఉన్న సమాజం కూడా సంస్థలో భాగస్వాములేనని, వారి ప్రయోజనాలను లెక్కలోకి తీసుకోని వ్యూహం ఎక్కువ కాలం నిలవదని చెప్పింది. మొదటి వాదనలో మనిషి ఒక వనరు. రెండో వాదనలో ఆ వనరుకు తన అభిప్రాయం, తన లెక్క ఉన్నాయి. నూమీ కథ రెండో వాదనకే ఎక్కువ బలం చేకూరుస్తుంది.

లైను ఆపే తాడు

టొయోటా పద్ధతిలో విడిభాగాల నిల్వలు చాలా తక్కువ. పాత పద్ధతిలో లోపమున్న భాగం వస్తే పక్కన పడేసి గుట్టలోంచి మరొకటి తీసుకుంటారు, లైను సాగిపోతూనే ఉంటుంది, లోపాలను చివర్లో మరమ్మతు విభాగం సరిచేస్తుంది. నిల్వలు లేనప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. లోపం కనిపించిన చోటే, కనిపించిన క్షణమే పట్టుకోవాలి. అందుకని ప్రతి కార్మికుడి తల పైన ఒక తాడు ఉంటుంది. సమస్య వస్తే అది లాగాలి. వెంటనే బృంద నాయకుడు వస్తాడు, నిర్ణీత వ్యవధిలో సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. పాత ఫ్రీమాంట్‌లో లైను ఆపడమంటే ఉద్యోగానికి ముప్పు తెచ్చుకోవడమే.

తాడు కట్టడం తేలిక. దాన్ని కార్మికుడు ఎందుకు లాగాలి? లాగినప్పుడల్లా సూపర్‌వైజర్ మండిపడితే రెండోసారి ఎవరూ లాగరు. అలాగే, ఒక పనిని ఇద్దరికి బదులు ఒక్కరితో చేయించే ఉపాయం కార్మికుడికి తట్టిందనుకుందాం. ఆ ఉపాయం చెప్పిన మరునాడు పక్కనున్న మనిషి ఉద్యోగం పోతుందని తెలిస్తే అతను నోరు విప్పడు. అంటే ఈ ఉత్పత్తి పద్ధతి నడవాలంటే కార్మికుడు తనకు తెలిసినదంతా బయటపెట్టాలి, అలా బయటపెట్టినందువల్ల తనకు నష్టం రాదని నమ్మాలి. ఉద్యోగ భద్రతను చాలా కంపెనీలు దయాధర్మంగా, ఖర్చుగా చూస్తాయి. ఇక్కడ అది ఉత్పత్తి పద్ధతిలో ఒక యంత్రభాగమంత అవసరం. మానవ వనరుల నిర్వహణకు 'వ్యూహాత్మక' అన్న విశేషణం తగిలించడానికి అర్హత వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో ఈ మాట రాతలో ఉంది. కంపెనీ మనుగడకే ముప్పు తెచ్చే తీవ్ర ఆర్థిక పరిస్థితి వస్తే తప్ప ఎవరినీ లేఆఫ్ చేయరు. అలాంటి స్థితి వచ్చినా ముందు అధికారుల జీతాలు తగ్గించడం వంటి చర్యలు తీసుకోవాలి. ఒప్పందంలో రాసుకోవడం వేరు, పాటించడం వేరు. 1988లో ఆ పరీక్ష రానే వచ్చింది. అక్కడ తయారయ్యే షెవర్లే నోవా కారు అమ్మకాలు పడిపోయి, ఫ్యాక్టరీ తన సామర్థ్యంలో 60 శాతం కంటే తక్కువగా నడిచింది. అమెరికా కార్ల పరిశ్రమలో అలాంటి సందర్భంలో వందలమందికి నోటీసులు వెళ్లడం రివాజు. నూమీ ఎవరినీ పంపలేదు. పని లేనివాళ్లను శిక్షణ తరగతులకూ, ఫ్యాక్టరీలో మెరుగులు దిద్దే బృందాలకూ మళ్లించింది. ఆ నెలల్లో కంపెనీ భరించిన జీతాల ఖర్చు వృథా పోలేదు. మాటకు విలువ ఉందని కార్మికులకు తెలిసింది. 1991లో కార్మికుల నుంచి 10,000కు పైగా సూచనలు వచ్చాయి, వాటిలో 80 శాతానికి పైగా అమలయ్యాయి.

మిగిలిన మార్పులు దీని చుట్టూ అల్లుకున్నవే. 80కి పైగా ఉన్న ఉద్యోగ వర్గాలను మూడు నాలుగుకు కుదించారు, దాంతో ఒకరి పని మరొకరు చేయడానికి అడ్డు తొలగింది. కార్మికులను చిన్న చిన్న బృందాలుగా చేసి ఒక్కో బృందానికి నాయకుణ్ణి పెట్టారు. అధికారులకు ప్రత్యేక భోజనశాల, ప్రత్యేక పార్కింగ్ తీసేశారు. కొన్ని వందలమందిని జపాన్‌కు పంపి టకావోకాలో మూడేసి వారాలు పని నేర్పించారు. వీటన్నిటిలో గమనించదగినది స్టాప్‌వాచ్ సంగతి. ఇదివరకు ఇంజినీర్లు వచ్చి కార్మికుడి పక్కన నిలబడి ఎన్ని సెకన్లు పడుతోందో కొలిచేవారు, కార్మికులు కావాలని నెమ్మదిగా చేసి చూపేవారు. నూమీలో ఆ స్టాప్‌వాచ్ కార్మికుల చేతికే వచ్చింది. ఏ పనిని ఏ వరసలో చేస్తే సులువో వాళ్లే కొలిచి, వాళ్లే రాసి, వాళ్లే మార్చుకునేవారు. పనిలో క్రమశిక్షణ తగ్గలేదు, పెరిగింది. దాన్ని రాసేది ఎవరన్నదే మారింది.

విడివిడిగా కాదు, కట్టగా

నూమీ ఒక్కటే ఉదాహరణ అయితే అదృష్టం అనుకోవచ్చు. 1995లో జాన్ పాల్ మక్‌డఫీ అనే పరిశోధకుడు ప్రపంచవ్యాప్తంగా 62 కార్ల ఫ్యాక్టరీల సమాచారాన్ని పరిశీలించి, తక్కువ నిల్వల ఉత్పత్తి పద్ధతి, బృందాలుగా పని, విస్తృత శిక్షణ, పనితీరుతో ముడిపడిన జీతం అన్నీ కలిసికట్టుగా ఉన్నచోటే ఉత్పాదకత, నాణ్యత రెండూ ఎక్కువగా ఉన్నాయని చూపాడు. రెండేళ్ల తరువాత ఇచ్నియోవ్‌స్కీ, షా, ప్రెన్నూషీ అమెరికా ఉక్కు పరిశ్రమలో 17 కంపెనీలకు చెందిన 36 ఉత్పత్తి లైన్లను అధ్యయనం చేశారు. ఒకే రకం పని చేసే లైన్లు కాబట్టి పోలికకు బాగా పనికొచ్చాయి. వారి ముగింపు స్పష్టం. ప్రోత్సాహక జీతం, బృందాలు, ఉద్యోగ భద్రత, జాగ్రత్తగా ఎంపిక, శిక్షణ కలిపి అమలు చేసిన లైన్లు గణనీయంగా మెరుగ్గా నడిచాయి. వాటిలో ఏ ఒక్కదాన్నో విడిగా తెచ్చిపెట్టుకున్న లైన్లలో తేడా దాదాపు లేదు.

మన దగ్గర కంపెనీలు ఏటా చేసే హెచ్‌ఆర్ (మానవ వనరుల) సంస్కరణలు ఎందుకు తుస్సుమంటాయో ఈ ఒక్క ఫలితం చాలావరకు చెబుతుంది. ఒక ఏడాది కొత్త అప్రైజల్ పద్ధతి వస్తుంది, మరో ఏడాది శిక్షణ పోర్టల్, ఆ పై ఏడాది ఉత్తమ ఉద్యోగి అవార్డులు. బృందంగా పనిచేయమని చెబుతూ ఇంక్రిమెంట్ మాత్రం ఒక్కొక్కరికీ పోటీ పెట్టి ఇస్తే, శిక్షణ ఇచ్చి నేర్చుకున్నది వాడే పని ఇవ్వకపోతే, ఒకదాన్ని మరొకటి తినేస్తుంది.

జనరల్ మోటార్స్‌కే ఇది అనుభవమైంది. భాగస్వామిగా నూమీలోని ప్రతి మూలా చూసే హక్కు దానికి ఉంది. తన మేనేజర్లను అక్కడ పెట్టి నేర్పించింది కూడా. అదే రాష్ట్రంలోని తన వాన్ నైస్ ఫ్యాక్టరీలో బృంద పద్ధతి ప్రవేశపెట్టింది. కానీ అక్కడ ఆ మార్పు ఒప్పుకోకపోతే మూసేస్తామన్న బెదిరింపు నీడలో వచ్చింది. యూనియన్ రెండుగా చీలింది. మేనేజర్ల బోనస్ ఎన్ని కార్లు వచ్చాయన్న లెక్క మీదే ఆధారపడి ఉన్నప్పుడు లైను ఆపే తాడుకు అర్థం లేదు. పక్కింటివారి పులుసు రుచిగా ఉందని పోపు గింజలు మాత్రం అడిగి తెచ్చుకున్నట్టు, కనిపించే పద్ధతులు వచ్చాయి, వాటిని నిలబెట్టే ఒప్పందం రాలేదు. 1992లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

ఇక్కడ నిర్వహణ శాస్త్ర పండితుడు జే బార్నీ 1991లో చెప్పిన మాట పనికొస్తుంది. యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఎవరైనా తెచ్చుకోవచ్చు. విలువైనది, అరుదైనది, పోటీదారులు అనుకరించలేనిది, దానికి బదులు మరొకటి దొరకనిదే సంస్థకు నిలకడైన ఆధిక్యం ఇస్తుంది. ఏళ్ల తరబడి మనుషుల మధ్య పెరిగిన నమ్మకం, ఉమ్మడి నైపుణ్యం ఆ కోవలోకి వస్తాయి. కళ్లెదుట ఉన్నా జనరల్ మోటార్స్ తీసుకుపోలేకపోయింది దాన్నే.

నూమీని ఆకాశానికి ఎత్తేయడం మాత్రం న్యాయం కాదు. పాత కార్మికులు రెండేళ్లు పని లేకుండా గడిపి తిరిగి వచ్చారు. మూతపడిన ఫ్యాక్టరీని కళ్లారా చూసినవాళ్లకు రెండో అవకాశం విలువ తెలుసు. ఆ మార్పులో భయం పాలు ఎంతో విడదీసి చెప్పలేం. పని వేగమూ తక్కువది కాదు. నిమిషంలో 57 సెకన్లు చేతులు ఆడుతూనే ఉండాలి. 1993లో కొత్త మోడల్ మార్చేటప్పుడు కార్మికుల ఒంటినొప్పులు, గాయాలు పెరిగి, రాష్ట్ర కార్మిక భద్రతా సంస్థ చర్య తీసుకునే దాకా వెళ్లింది. పైగా మంచి పనితీరు సంస్థను శాశ్వతంగా కాపాడలేదు. దివాళా తీసిన జనరల్ మోటార్స్ 2009లో భాగస్వామ్యం నుంచి తప్పుకుంది, టొయోటా 2010 ఏప్రిల్ 1న ఉత్పత్తి ఆపేసింది. సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ ఆవరణను టెస్లా కొనుక్కుంది. యజమానుల స్థాయిలో జరిగే లెక్కలు మారినప్పుడు లైను మీద ఎంత బాగా పనిచేసినా ఆపగలిగేది కొంతే.

లెక్కలు ఎంతవరకు నమ్మాలి?

ఈ రంగంలో అందరూ ఉటంకించే లెక్క మార్క్ హ్యూసెలిడ్ అనే పరిశోధకుడిది. 1995లో ఆయన దాదాపు వెయ్యి అమెరికన్ కంపెనీలను పరిశీలించి, మెరుగైన మానవ వనరుల విధానాల వాడకం ఒక ప్రామాణిక విచలనం (కంపెనీల మధ్య మామూలుగా ఉండే తేడాకు గణాంక కొలత) మేర పెరిగితే, ఉద్యోగి ఒక్కరికి ఏడాది అమ్మకాలు 27,044 డాలర్లు, లాభం 3,814 డాలర్లు పెరుగుతాయని, ఉద్యోగం వదిలి వెళ్లేవారి శాతం సుమారు 7 శాతం తగ్గుతుందని లెక్కగట్టాడు. ఈ అంకెలు హెచ్‌ఆర్ విభాగాలకు ఎంతో గౌరవం తెచ్చాయి. 2006లో జేమ్స్ కోంబ్స్ బృందం 92 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా సంబంధం ఉన్నట్టే తేలింది. రెండింటి మధ్య సంబంధం ఎంత గట్టిదో చెప్పే సహసంబంధ గుణకం సుమారు 0.20 (సున్నా అంటే సంబంధం లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు). అది తీసిపారేసేది కాదు, అద్భుతమూ కాదు.

అసలు చిక్కు దిశలో ఉంది. మంచి హెచ్‌ఆర్ వల్ల లాభాలు వచ్చాయా, లాభాలు ఉన్న కంపెనీలే మంచి హెచ్‌ఆర్‌కు ఖర్చు పెట్టగలుగుతున్నాయా? ప్యాట్రిక్ రైట్ బృందం 2005లో ఈ ప్రశ్ననే తీసుకుంది. హెచ్‌ఆర్ విధానాలకు ఆ తరువాతి పనితీరుతో ఎంత సంబంధం ఉందో, అంతకు ముందరి పనితీరుతోనూ అంతే సంబంధం కనిపించింది. గత పనితీరును లెక్కలోంచి తీసేస్తే మిగిలిన సంబంధం చాలావరకు కరిగిపోయింది. హెచ్‌ఆర్ మీద ఒక రూపాయి పెడితే ఇన్ని రూపాయలు వస్తాయని స్లైడ్లు వేసి చూపించేవాళ్లు ఈ సంగతిని దాటేయడం సరికాదు.

దిశ తేల్చాలంటే ప్రయోగమే మార్గం, అలాంటిది భారతదేశంలోనే జరిగింది. నికొలస్ బ్లూమ్, అప్రజిత్ మహాజన్, డేవిడ్ మెకెంజీ మొదలైన ఆర్థికవేత్తలు 2008 నుంచి ముంబయి సమీపంలోని 17 నేత కంపెనీలకు చెందిన 20 మిల్లులను తీసుకుని, లాటరీ పద్ధతిన 14 మిల్లులకు కన్సల్టెంట్లతో ఉచితంగా నెలల తరబడి సలహాలు ఇప్పించారు. ఆరింటిని పోలిక కోసం ఉంచారు. నాణ్యత రికార్డులు, సరుకు నిల్వలు, యంత్రాల నిర్వహణతో పాటు ఉద్యోగుల బాధ్యతల పట్టిక, పనితీరును బట్టి ప్రోత్సాహకాలు వంటి హెచ్‌ఆర్ అంశాలు కలిపి మొత్తం 38 విధానాలు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. నిర్వహణ మారితే ఫలితం మారుతుందనడానికి ఇంతకన్నా శుభ్రమైన ఆధారం దొరకడం కష్టం. అయితే 38లో హెచ్‌ఆర్ వాటా ఎంతో ఈ ప్రయోగం విడదీసి చూపదు. 2017లో పరిశోధకులు మళ్లీ వెళ్లేసరికి, అమలు చేసిన విధానాల్లో సుమారు సగం వదిలేశారు. ముఖ్య కారణాల్లో ఒకటి వాటిని నడిపిన మేనేజర్లు వెళ్లిపోవడం. విధానాన్ని పట్టుకుని ఉండే మనిషి నిలవకపోతే విధానం నిలవదని ఒక ప్రయోగమే చూపించినట్టయింది.

మానేసర్ నుంచి ముధోల్ దాకా

భారతదేశంలో కార్ల తయారీకి జపాన్ పద్ధతులను తెచ్చిన కంపెనీల్లో ముందు వరసలోది మారుతి సుజుకీ. హరియాణాలోని మానేసర్ ఫ్యాక్టరీలో లైను వేగం, ప్రామాణిక పని, తక్కువ నిల్వలు అన్నీ ఉన్నాయి. 2011లో కార్మికులు తమకంటూ వేరే యూనియన్ కావాలని జూన్‌లో 13 రోజులు సమ్మె చేశారు. మళ్లీ ఆ ఏడాదే, సత్ప్రవర్తన పత్రం మీద సంతకం పెడితేనే లోపలికి రానిస్తామన్న షరతు మీద నెల రోజులకు పైగా ప్రతిష్టంభన నడిచింది. విరామాలు చాలవని, సెలవు పెడితే ప్రోత్సాహక జీతంలో పెద్ద కోత పడుతోందని, పక్కపక్కన ఒకే పని చేసే పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికుల జీతాల్లో పెద్ద తేడా ఉందని ఫిర్యాదులు. 2012 జులై 18న హింస చెలరేగింది. హెచ్‌ఆర్ జనరల్ మేనేజర్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు, ఎంతోమంది మేనేజర్లు గాయపడ్డారు. ఫ్యాక్టరీ నెల రోజులు మూతపడింది, 500 మందికి పైగా పర్మనెంటు కార్మికులను తొలగించారు. ఆ హింసకు ఏ సమర్థనా లేదు. మానవ వనరుల కోణంలో మాత్రం అడగవలసిన ప్రశ్న మిగిలే ఉంది. కార్మికుడి పూర్తి సహకారం లేకుండా నడవని ఉత్పత్తి పద్ధతిని, ఎప్పుడు పంపేస్తారో తెలియని కాంట్రాక్టు కార్మికుల మీద మోపితే అది ఎంతకాలం నడుస్తుంది? ఆ ఏడాదే కంపెనీ, కీలకమైన ఉత్పత్తి పనుల్లో కాంట్రాక్టర్ల ద్వారా మనుషులను తీసుకోవడం తగ్గించి నేరుగా నియమించుకుంటామని ప్రకటించడం ఆ ప్రశ్నకు ఒక జవాబే.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ తెలుగు నేల మీద ఉంది, అదీ ఫ్యాక్టరీ కాదు, కంటి ఆసుపత్రి. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ, పల్లెలకు కంటి వైద్యం అందించాలని లక్ష్యం పెట్టుకుంది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కేంద్రం తెరిచింది. అప్పుడు ఎదురైన సమస్య తేలిగ్గా తీరేది కాదు. నేత్ర వైద్యులు పల్లెల్లో నిలవరు. నిలిచినా, ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్కరిని పెట్టేంతమంది దేశంలో లేరు. జీతం పెంచి డాక్టర్లను ఆకర్షించడం మామూలు ఆలోచన. సంస్థ పనినే తిరగరాసింది. కంటి సమస్యలతో వచ్చేవారిలో చాలామందికి కావలసింది చూపు పరీక్ష, కళ్లద్దాలు, లేదా శస్త్రచికిత్స అవసరమో కాదో చెప్పే మనిషి. అందుకు డాక్టరే కానక్కరలేదు.

అలా విజన్ టెక్నీషియన్ అనే కొత్త ఉద్యోగం రూపుదిద్దుకుంది. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతీయువకులను ఎంచుకుని, ఏడాది శిక్షణ ఇచ్చి, సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన విజన్ సెంటర్లలో నియమిస్తారు. వారు పరీక్షించి, అద్దాలు ఇచ్చి, అవసరమైనవారిని పై కేంద్రానికి పంపుతారు. పై కేంద్రంలో డాక్టర్ సమయమంతా డాక్టర్ మాత్రమే చేయగల పనికి వెళుతుంది. స్థానికులనే తీసుకోవడం వల్ల రోగి భాష, యాస, ఇంటి పరిస్థితి తెలిసిన మనిషి ఎదురుగా ఉంటాడు, ఆ మనిషికి సొంత ప్రాంతంలోనే గౌరవమైన ఉద్యోగం దొరుకుతుంది కాబట్టి నగరానికి పరుగు పెట్టాలన్న ఒత్తిడీ తక్కువ. ఇప్పుడు ఇలాంటి కేంద్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, కర్ణాటకల్లో 200కు పైగా ఉన్నాయి. లక్ష్యం నుంచి పని, పని నుంచి అర్హత, అర్హత నుంచి ఎంపిక, ఎంపిక నుంచి శిక్షణ ఒకదాని వెంట ఒకటి వచ్చిన తీరు చూస్తే, మిషిగన్ పండితులు కాగితం మీద గీసిన బొమ్మ కన్నా ఇదే సూటిగా అర్థమవుతుంది. బిజినెస్ స్కూళ్లలో హెచ్‌ఆర్ చదివే తెలుగు విద్యార్థులకు ఫ్రీమాంట్ కన్నా ముందు ముధోల్ చెప్పాలి.

హైదరాబాద్‌కు వస్తే, హెచ్‌ఆర్ అనగానే గుర్తొచ్చేది ఐటీ రంగం. 2022 జనవరి–మార్చిలో ఇన్ఫోసిస్ అట్రిషన్ (ఉద్యోగం వదిలి వెళ్లేవారి శాతం) 27.7 శాతం, టీసీఎస్‌ది 17.4 శాతం. ఈ అంకెలను చాలామంది హెచ్‌ఆర్ వైఫల్యంగా చదివారు. అది సగం నిజం. ఐటీ సేవల కంపెనీల వ్యాపారం చాలాకాలం పిరమిడ్ ఆకారం మీద నిలబడింది. అడుగున ఏడాదికి మూడు, మూడున్నర లక్షల జీతానికి వేలమంది ఫ్రెషర్లు, పైకి వెళ్లేకొద్దీ తక్కువమంది, క్లయింటుకు గంటల లెక్కన బిల్లు. మధ్య స్థాయిలో కొందరు వెళ్లిపోవడం, ఆ చోటును కింది నుంచి తక్కువ జీతం వాళ్లతో నింపడం ఈ లెక్కలో భాగమే. అంటే అది వ్యూహం లేకపోవడం కాదు, చవకగా ఎక్కువమందిని అందించే వ్యూహానికి తగిన హెచ్‌ఆర్. దశాబ్దానికి పైగా ఫ్రెషర్ జీతం దాదాపు కదలకపోవడం ఆ వ్యూహం ఫలించిందనడానికే గుర్తు, దాని భారాన్ని ఎవరు మోశారో కూడా అదే చెబుతుంది.

చిక్కు ఇప్పుడు వచ్చింది. అవే కంపెనీలు క్లయింట్ల దగ్గర లోతైన నైపుణ్యాన్ని, కృత్రిమ మేధ పరిష్కారాలను అమ్ముతామంటున్నాయి. లోతైన నైపుణ్యం ఒకే పనిలో ఏళ్లపాటు ఉండి, తప్పులు బయటికి చెప్పుకునే ధైర్యంతో పెరిగేది. 2025లో టీసీఎస్ బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఏడాదికి 35 రోజులకు మించి ఉండకూడదన్న నిబంధన తెచ్చింది, జులైలో సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. వ్యాపారపరంగా అందుకు కారణాలు ఉండవచ్చు. అయితే ప్రతి వారం బిల్లు పడే ప్రాజెక్టు వెతుక్కోవలసిన మనిషి, ఆరు నెలలు పట్టే కొత్త విద్య నేర్చుకోవడానికి కూర్చోలేడు. 1988లో నూమీ ఖాళీగా ఉన్నవాళ్లను తరగతి గదిలోకి పంపింది. ఆ ఖర్చును పెట్టుబడిగా రాసుకోగలిగితేనే కొత్త వ్యూహానికి పాత హెచ్‌ఆర్ అడ్డుపడదు.

ఈ వైరుధ్యం మైక్రోసాఫ్ట్‌లోనూ కనిపించింది. ప్రతి బృందంలో ఇంతమంది బాగా చేసినట్టు, ఇంతమంది చేయనట్టు తప్పనిసరిగా ర్యాంకులు వేసే పద్ధతి అక్కడ ఏళ్లపాటు నడిచింది. సమర్థులు పక్కన మరో సమర్థుడు ఉండకుండా చూసుకోవడం, సాయం చేయడానికి వెనకాడటం దాని సహజ ఫలితాలు. ఎన్నో బృందాలు కలిస్తే తప్ప తయారుకాని క్లౌడ్ సేవల వైపు కంపెనీ మళ్లుతున్నప్పుడు ఆ పద్ధతి కాలికి బంధమైంది. 2013 నవంబరులో దాన్ని రద్దు చేశారు. మూడు నెలలకు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సీఈవో అయ్యారు. ఆ తరువాతి ఎదుగుదలకు మార్కెట్ కారణాలు అనేకం ఉన్నాయి, 2014లోనే 18,000 ఉద్యోగాల కోత కూడా ఉంది. కాబట్టి అంతా ర్యాంకుల రద్దు చలవే అనడం అతిశయోక్తి. అది రద్దుకాకుండా ఆ మలుపు తిరగడం కష్టమయ్యేదని మాత్రం చెప్పవచ్చు.

ఒక సంస్థ తన మనుషుల విషయంలో ఏం చేస్తోందో బయటివాళ్లు తెలుసుకునే దారి భారత్‌లో ఇప్పుడు కొంత తెరుచుకుంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బాధ్యత, సుస్థిరత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. అందులో మూడేళ్ల అట్రిషన్, శిక్షణ పొందినవారి శాతం, స్త్రీ పురుషుల మధ్యస్థ జీతాలు, ప్రమాదాలు, కార్మికుల ఫిర్యాదులు ఎన్ని వచ్చి ఎన్ని తేలాయి వంటివి ఉంటాయి. ఉద్యోగం వెతుక్కునేవారు, షేర్లు కొనేవారు ఇద్దరూ చదవదగిన పత్రమిది. చైర్మన్ సందేశంలోని మాటలను, ఈ పట్టికలోని అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే వ్యూహానికీ హెచ్‌ఆర్‌కూ ఎంత పొంతన ఉందో చాలావరకు బయటపడుతుంది. పర్మనెంటు కాని ఉద్యోగులు, కార్మికులు ఎంతమందో కూడా అందులో చెప్పాలి. కానీ ఏటా ఎంతమంది వెళ్లిపోతున్నారన్న లెక్కను పర్మనెంటువారికి మాత్రమే అడుగుతున్నారు. లైను మీద సగం మంది కాంట్రాక్టువాళ్లే అయిన ఫ్యాక్టరీలో, ఎవరు నిలుస్తున్నారో ఎవరు పోతున్నారో చెప్పే అసలైన అంకె ఇంకా ఏ పట్టికలోనూ లేదు.